ప్యానెల్ ఉన్నా తీసివేతలు రావట్లేదు, యాక్షన్ రీసెర్చ్‌కి (తన తరగతి సమస్య మీద టీచరే చేసే చిన్న పరిశోధన) ఇది తీసుకోవచ్చా?

బీఈడీ రెండో ఏడు. ఇంటర్న్‌షిప్ ఏడో తరగతికి. గోడకి పెద్ద టచ్ ప్యానెల్ ఉంది, వీడియో వేస్తే పిల్లలు కన్నార్పరు, తీరా 402లోంచి 178 తీసేయమంటే సగం మంది 376 అని రాశారు! వీడియో పాఠం, మామూలు పాఠం పోల్చి చూద్దామని ఉంది. ఏమంటారు?

జవాబు 1:
ముందు ఆ 376 ఎలా వచ్చిందో చూడండి మేడమ్. 8లోంచి 2, 7లోంచి 0, 4లోంచి 1. ఏ స్థానంలోనైనా పెద్ద అంకెలోంచి చిన్నది తీసేశారు, అంటే పక్కనుంచి అప్పు తెచ్చుకోవడమే తెలీదు. వీడియోకి ఇది కనపడదుగా.

జవాబు 2:
పెరూలో పల్లె బడులకు ల్యాప్‌టాప్‌లు ఇచ్చి పరీక్షిస్తే లెక్కల్లో, భాషలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే కంప్యూటర్ పాఠాల సాఫ్ట్‌వేర్ మీద ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్ వాళ్ల పరిశోధన (2019లో వచ్చింది) చూస్తే, బడి అయ్యాక నడిచే సెంటర్లలో, లాటరీలో సీటొచ్చిన పిల్లలు నాలుగున్నర నెలల్లోనే లెక్కల్లో, హిందీలో బాగా ముందుకెళ్లారు, ఎందుకంటే అది తరగతిని బట్టి కాక పిల్లాడి స్థాయిని బట్టి ప్రశ్నలిస్తుంది. అక్కడ చిన్న గుంపులకు ట్యూటర్ కూడా ఉన్నాడు, అది మర్చిపోవద్దు.

జవాబు 3:
ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లు ట్యాబ్ లేకుండానే స్థాయిని బట్టి గుంపులు చేసి చెప్తారు. అప్పు తెచ్చుకోవడం చూపించడానికి పదేసి పుల్లల కట్టలు చాలు మీకు.

అడిగినవారు:
సరే సార్, టాపిక్ మార్చేస్తున్నా. రేపు అగ్గిపుల్లలు పట్టుకెళ్తా, హెచ్ఎం ఏమంటారో!