మొహం మీది నూగుకి ఎలక్ట్రాలసిస్: చేయించుకోవాలా, వదిలేయాలా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
అందరికీ నమస్కారం. నాకు పై పెదవి మీద, చెవుల ముందు నుంచి చెంపల దాకా సన్నటి నూగు ఉంది. గడ్డం కింద మాత్రం కొన్ని నల్లటి మొండి వెంట్రుకలు. ఇన్నాళ్లూ థ్రెడింగ్‌తో నెట్టుకొచ్చాను. ఇప్పుడు ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. మా అత్త అందరి ముందూ "ముందు పిల్ల మీసం సంగతి చూడండి" అనేసింది. బరంపురంలో ఒక పార్లర్‌లో అడిగితే మొహమంతా ఎలక్ట్రాలసిస్ (సూదితో కరెంటు పంపి వెంట్రుక కుదురుని చంపేయడం) చేస్తామన్నారు, నూగుతో సహా. ఒకసారి పోతే మళ్లీ జన్మలో రాదట. వైజాగ్‌లో ఉండే మా వదిన లేజర్ మేలంటోంది. అమ్మేమో నలుగు పెట్టుకుంటే అదే రాలిపోతుందంటుంది. ఎవరి మాట వినాలో తెలియడం లేదు. చేయించుకున్నవాళ్లు ఉంటే చెప్పండి. ఎగతాళి చేసేవాళ్లు మాత్రం దయచేసి ఇటు రాకండి.

పాత ట్రంకు రోడ్డు (బరంపురం):
ఎగతాళి కాదమ్మా, పెద్దవాడిగా చెప్తున్నాను. నూగు లేని మనిషెవరు? మా అమ్మకీ ఉండేది, మా ఆవిడకీ ఉంది. పెళ్లిచూపులకి వచ్చేవాడు భూతద్దం జేబులో పెట్టుకుని వస్తాడా? మొహంలో కరెంటు పెట్టించుకోవడం ఏమిటసలు! మీ అత్త నోరు మూయించడానికి నీ చర్మం కాల్చుకోవాలా? వద్దు. బ్లేడు కూడా పెట్టకు, దట్టంగా మొలుస్తుంది.

గంజాం కోడలు:
అన్నయ్యగారూ, "మా ఆవిడకీ ఉంది" అని ఇక్కడ రాసేముందు ఆవిణ్ణి ఒక మాట అడిగారా?

నేను చేయించుకున్నాను చెల్లీ, గడ్డం మీద. పెళ్లికి ముందు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నప్పుడు. రోజూ పొద్దున అద్దం దగ్గర పట్టుకారు పట్టుకుని నిలబడే దాన్ని. ఆఫీసులో ఎవరైనా దగ్గరగా వచ్చి మాట్లాడితే చెయ్యి దానంతటదే గడ్డం మీదకి పోయేది. ఆ టెన్షన్ పడనివాళ్లు "వదిలెయ్" అనడం తేలిక.

ఎలా ఉంటుందంటే, వెంట్రుక అంత సన్నటి సూదిని వెంట్రుక పక్కనుంచే దాని కుదుట్లోకి జారుస్తారు. చర్మాన్ని పొడవరు. ఆ తర్వాత కరెంటు వదిలితే చురుక్కుమంటుంది. గడ్డం మీద ఓర్చుకోవచ్చు కానీ ముక్కు కింద మాత్రం కళ్లల్లో నీళ్లు తిరుగుతాయి. సరిగ్గా పడిందో లేదో మనకే తెలుస్తుంది. పట్టుకారుతో తీసినప్పుడు వెంట్రుక మెత్తగా జారి రావాలి, పీకినట్టు అనిపించిందంటే కుదురు బతికే ఉన్నట్టు. నాకు ఏడాది దాటి పట్టింది. ఒక్కో వెంట్రుకా విడిగా చేయాలి కదా, పైగా అన్నీ ఒకేసారి మొలిచి ఉండవు. ఇప్పుడు గడ్డం నున్నగా ఉంది. మళ్లీ చేయించుకోవాల్సి వస్తే మళ్లీ చేయించుకుంటాను.

జయపురం అప్ప:
లేజర్ అంటున్న మీ వదినకి ఒక మాట చెప్పు గుంటా. మా చెల్లికి చెంపల మీద నీలాగే నూగు. ఒకచోట లేజర్ చేశారు. కొన్ని నెలలకి ఆ నూగు పోకపోగా చుట్టుపక్కల ఇంకా నల్లగా, మందంగా వచ్చింది. ముందుగా ఎవరూ చెప్పలేదు. తర్వాత చర్మం డాక్టరు చెప్పారు, లేజర్‌తో అలా ఎదురు తిరగడం తెలిసిన సంగతేనట, దానికి పారడాక్సికల్ హైపర్‌ట్రైకోసిస్ అని పేరు కూడా ఉందట. మొహం మీద, మెడ మీద, సన్నటి వెంట్రుకలున్న చోట, చామనఛాయ వాళ్లలో ఎక్కువగా చూస్తారట. అంటే మనమే.

మిల్లు క్వార్టర్స్ (జేకేపూర్):
నేను కెమిస్ట్రీ మనిషిని, కాబట్టి ఆ వరకే. "కరెంటుతో కాల్చడం" అని పెద్దాయన అన్నది సగం నిజం. ఇందులో రెండు దారులున్నాయి. పాతది గాల్వానిక్: సూదికి నెగటివ్ తీగ కలిపి డీసీ కరెంటు పంపుతారు. కుదుట్లో ఉన్న తేమ, ఉప్పు కలిసి అక్కడికక్కడే సోడియం హైడ్రాక్సైడ్ తయారవుతుంది. మా మిల్లులో కర్రని గుజ్జు చేయడానికి వాడే కాస్టిక్ సోడాయే అది, కాకపోతే ఇక్కడ చుక్కలో వెయ్యో వంతు కూడా ఉండదు. వెంట్రుక పుట్టే కణాలని అది కరిగించేస్తుంది. నెమ్మదిగా జరుగుతుంది. రెండోది థర్మాలసిస్: హై ఫ్రీక్వెన్సీ ఏసీతో వేడి పుట్టించి కుదురుని మాడ్చడం, సెకన్లలో అయిపోతుంది. రెండూ కలిపి చేస్తే బ్లెండ్ అంటారు.

దీన్ని కనిపెట్టింది అందం కోసం కూడా కాదు. 1875లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో చార్లెస్ మిషెల్ అనే కంటి డాక్టరు, లోపలికి తిరిగి కంటిగుడ్డుకి గుచ్చుకునే కనురెప్పల వెంట్రుకలకి ఈ పద్ధతి వాడాడు. పెద్దాయన బ్లేడు భయానికి జవాబు కూడా ఆ ఊళ్లోనే దొరికింది లెండి. 1928లో మిల్‌డ్రెడ్ ట్రాటర్ అనే ఆవిడ గీసిన వెంట్రుకలని కొలిచి చూసి, గీసుకోవడం వల్ల మందం గానీ వేగం గానీ పెరగవని రాసింది. మొన మొద్దుగా తెగుతుంది కాబట్టి చేతికి గరుగ్గా తగులుతుంది, అంతే.

పాత ట్రంకు రోడ్డు (బరంపురం):
1928లో అమెరికా ఆవిడ రాసింది సరే. మా వీధి మంగలి చెప్పింది వేరు.

నాగావళి (రాయగడ):
చాలా ఏళ్లు చర్మవ్యాధుల ఓపీలో నర్సుగా చేశాను. ఇక్కడ అందరూ ఒకే వెంట్రుక గురించి మాట్లాడుతున్నట్టు వాదించుకుంటున్నారు గానీ, ఆ అమ్మాయి మొహం మీద రెండు రకాలున్నాయి.

చెంపల మీది నూగు అందరికీ ఉండేదే. పొట్టిగా, రంగు తక్కువగా ఉంటుంది, కుదురు లోతు ఉండదు. గడ్డం కింది మొండి వెంట్రుక వేరు, అది లోతైన కుదురులోంచి వస్తుంది, రంగు ఉంటుంది, హార్మోన్ల మాట వింటుంది. ఎలక్ట్రాలసిస్ ఈ రెండో రకానికి బాగా పనికొస్తుంది. గంజాం కోడలికి ఫలితం వచ్చిందంటే గడ్డం కాబట్టి వచ్చింది. చెంపంతా పరుచుకున్న నూగు ఒక్కొక్కదానికీ సూది పెట్టించుకుంటూ పోతే దానికి అంతెక్కడ? దగ్గర దగ్గరగా అన్ని పోట్లు, అంత వేడి ఒకేచోట పడితే మన రంగు చర్మానికి ముందు వచ్చేది నల్ల మచ్చలు. అవి పోవడానికి నెలలు పడుతుంది. చెయ్యి తిరగనివాళ్లు చేస్తే సన్నటి గుంటలు పడతాయి, అవి ఇక పోవు. లేని సమస్య తీసేసి ఉన్న సమస్య తెచ్చుకున్నట్టు అవుతుంది. "మొహమంతా, నూగుతో సహా" అని చెప్పిన పార్లర్‌కి ఆ ఒక్క మాటకే నేనైతే వెళ్లను.

ఇక "జన్మలో రాదు" అన్న సంగతి. అమెరికాలో మందులకీ వైద్య పరికరాలకీ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ, లేజర్‌కి వెంట్రుకలు శాశ్వతంగా తగ్గుతాయని చెప్పుకోవడం వరకే ఒప్పుకుంది, శాశ్వతంగా పోతాయన్న మాట ఎలక్ట్రాలసిస్‌కే ఇస్తుంది. అది నిజమే. కానీ ఆ శాశ్వతం చచ్చిన ఆ కుదురుకే, మొహానికి కాదు. పక్కనే ఇవాళ నూగుగా ఉన్న కుదురు రేపు హార్మోన్ తగిలితే మొండి వెంట్రుకై కూర్చుంటుంది. పీసీఓఎస్ (హార్మోన్లు అదుపు తప్పి నెలసరి గాడి తప్పే అండాశయాల సమస్య) ఉండి దాన్ని పట్టించుకోకుండా సూదికి వెళ్లేవాళ్లు ఏళ్ల తరబడి డబ్బు పోస్తూనే ఉంటారు. అందుకే మహేంద్రతనయా, గడ్డం మీది వెంట్రుకలు ఎప్పటినుంచి? నెలసరి సరిగ్గా వస్తోందా? మొటిమలు, బరువు పెరగడం, మాడు మీద జుట్టు పలచబడటం ఉన్నాయా? ముందు చర్మం డాక్టరుకో గైనకాలజిస్టుకో చూపించుకో. బరంపురం మెడికల్ కాలేజీ మీకు అందేదే. టెస్టోస్టిరాన్, థైరాయిడ్ లాంటి రక్తపరీక్షలు అవసరమనిపిస్తే వాళ్లే రాస్తారు. ఉన్నట్టుండి కొద్ది నెలల్లోనే మీసం గడ్డం వచ్చి గొంతు కూడా బొంగురుపోతే మాత్రం అసలు ఆలస్యం చేయకూడదు, నీది అలాంటిది కాదనుకో.

నలుగు గురించి: మురికి పోతుంది, రుద్దుడికి కొంత నూగు రాలుతుంది. కుదురుని అది ఏమీ చేయదు. అమ్మతో గొడవ పడక్కర్లేదు.

గంజాం కోడలు:
నర్సుగారూ, మీరు చెప్పిన హార్మోన్ల మాట ఒప్పుకుంటాను. కానీ పై పెదవి సంగతి దాటేశారు. అది నూగూ కాదు, మొండి వెంట్రుకా కాదు, మధ్యరకం. దూరం నుంచి నీడలా కనిపిస్తుంది. చూసేవాళ్లందరికీ మీసమే. దాన్ని "అందరికీ ఉండేదే" అని కొట్టేస్తే ఎలా? ఇంకో మాట. నూగు అనేది సమస్యో కాదో డాక్టరు తేల్చాలా, మోసేవాళ్లు తేల్చుకోవాలా? అత్త అన్నందుకు కాకుండా తనకే వద్దనిపిస్తే? పళ్లు కొంచెం వంకరగా ఉంటే క్లిప్పులు వేయించుకుంటే ఎవరూ ఉపన్యాసం ఇవ్వరే!

నాగావళి (రాయగడ):
తనకే వద్దనిపిస్తే నాకు పేచీ లేదు. పెదవి మీద రంగు తేలిన వెంట్రుకలకి చేయించుకోవచ్చు, చోటు చిన్నది కాబట్టి. అయినా అక్కడ చర్మం పలచన, నొప్పి ఎక్కువ, మచ్చ పడితే దాచుకునే వీలుండదు. కాబట్టి ముందు చెవి కిందో దవడ చివరో నాలుగు వెంట్రుకలకి చేయించుకుని కొన్ని వారాలు ఆగి చూడాలి. చెంపల విషయంలో నా మాట మార్చను. కోరిక ఆ పిల్లదే అయినా సూది ఆ నూగుకి సరిపడేది కాదు.

గుణుపురం పెద్దమ్మ:
నాకు యాభై దాటాక గడ్డం మీద తెల్ల వెంట్రుకలు మొదలయ్యాయి. లేజర్‌కి వెళ్తే వెనక్కి పంపేశారు. అది నలుపుని పట్టుకుంటుందట, తెల్లదానికి ఏమీ కాదట. ఎలక్ట్రాలసిస్ ఒక్కటే అన్నారు. మా కోడలు తీసుకెళ్తానంటోంది. ఈ వయసులో ఎందుకని ఇంట్లో నవ్వుతున్నారు, నవ్వనీ.

పాత ట్రంకు రోడ్డు (బరంపురం):
పెద్దమ్మగారూ, పేస్‌మేకర్ లాంటిది ఏమైనా ఉంటే ముందే చెప్పండి. మా బావమరిదికి అది పెట్టినప్పుడు కరెంటు వైద్యాల జోలికి పోవద్దన్నారు.
మిగతా విషయంలో నేను అన్నదే అంటాను. ఇవాళ మీసం తీయిస్తే రేపు ఆ అత్తే రంగు తక్కువంటుంది.

గంజాం కోడలు:
పేస్‌మేకర్ మాట మంచిది చెప్పారు. రెండోది కూడా నిజమే, ఏంచేస్తాం.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
అందరికీ థాంక్స్. నాగావళిగారూ, నెలసరి ఎప్పుడూ అటూ ఇటూనే నాకు. ఎవరూ దాన్నీ దీన్నీ కలిపి అడగలేదు. వచ్చే వారం డాక్టరుకి చూపించుకుంటాను. చెంపల జోలికి పోను. గడ్డానికి చేయించుకోవాలనే ఉంది, అత్త కోసం కాదు, గంజాం అక్క రాసిన ఆ అద్దం ముందు పట్టుకారు నా చేతిలోనూ ఉంది. పెదవి సంగతి ఇంకా తేల్చుకోలేదు. చేసేచోటు మంచిదో కాదో ఎలా తెలుస్తుంది?

నాగావళి (రాయగడ):
సూది ప్యాకెట్ నీ కళ్ల ముందు విప్పాలి, నీ తర్వాత పారేయాలి. గ్లవ్స్, వెలుతురు, భూతద్దం ఉండాలి. నీకు గాయం మానిన చోట మచ్చ ఉబ్బే గుణం ఉందా అని వాళ్లే అడగాలి. మొదటిరోజే పెద్ద ప్యాకేజీ కట్టమంటే లేచి వచ్చెయ్. మొదటి సిట్టింగ్‌లోనే గడ్డమంతా చేసేస్తామన్నా అంతే.

గంజాం కోడలు:
వెళ్లడానికి కొన్ని వారాల ముందు నుంచి థ్రెడింగ్, పీకడం మానెయ్. కుదుట్లో వెంట్రుక లేకపోతే సూది దేన్ని పట్టుకుని వెళ్తుంది? మధ్యలో మరీ కనిపిస్తే చిన్న కత్తెరతో కత్తిరించుకో, గీసుకున్నా పర్లేదు. చేయించుకున్నాక ఎర్రబడి వాస్తుంది, చిన్న పొక్కులు కడతాయి, గిల్లకు. ఎండలోకి వెళ్తే సన్‌స్క్రీన్ తప్పనిసరి. పెళ్లిచూపులు ఉన్న వారంలో మాత్రం సిట్టింగ్ పెట్టుకోకు.

పాత ట్రంకు రోడ్డు (బరంపురం):
ఆ వారంలో పెట్టుకున్నా తప్పులేదు. ఎర్రగా వాచిన మొహాన్ని చూసి పారిపోయేవాడు పోతేనే మంచిది.

గంజాం కోడలు:
అన్నయ్యగారూ, వాచేది మీ మొహం కాదు కదా.