పాత రాతి భవనానికి లైటింగ్: ఎదురుగా ఫ్లడ్‌లైట్లు పెడితే చాలా?

ప్రశ్న:
నమస్తే అండీ. ఒక యూనివర్సిటీ ఇంజినీరింగ్ సెల్‌లో పనిచేస్తున్నాను. మా పాత గ్రానైట్ భవనం ముందువైపు లైట్లు పెట్టాలి. ఎత్తు దాదాపు 12 మీటర్లు, మధ్యలో పెద్ద కమాను. ఎదురుగా స్తంభాలు వేసి 200 వాట్ల ఎల్ఈడీ ఫ్లడ్‌లైట్లు, 6500 కెల్విన్ తెల్ల వెలుతురు పెడతామని కొటేషన్ వచ్చింది. స్నాతకోత్సవం లోపు అయిపోవాలని పైనుంచి ఒకటే టెన్షన్. ఒప్పుకోవచ్చా?

జవాబు:
వద్దు సార్. ఎదురుగా కొట్టే వెలుతురుకి నీడలుండవు, చెక్కిన రాయి కూడా సున్నం కొట్టిన గోడలా చదునుగా కనిపిస్తుంది. పైగా మెట్లు దిగేవాళ్ల కళ్లలోకే కొడుతుంది.

గోడకి ఒక జానెడు దూరంలో, కింద నుంచి పైకి, సన్నటి బీమ్ ఉన్న లీనియర్ ఫిట్టింగులు (పొడవాటి పట్టీల్లాంటి లైట్లు) అడగండి. ఉలి గుర్తులన్నీ లేచి కనిపిస్తాయి. అయితే సిమెంటుతో పూడ్చిన అతుకులు కూడా అంతే బాగా కనిపిస్తాయి! గోడ అలా ఉంటే మీటరు దూరం జరపండి.

కమాను విషయం వేరు. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీనే చూడండి. 1939లో ప్రారంభమైన గులాబీ గ్రానైట్ కట్టడం, దాని అందమంతా ఆ నడిమి కమాను లోతులోనే ఉంది. అలాంటిచోట వెలుతురు లోపలి గోడ మీద పడాలి, ముందు అంచు కాస్త చీకటిగా ఉండాలి. రెండూ సమానంగా వెలిగిస్తే లోతే తెలియదు.

రంగు 3000 కెల్విన్, అంటే కాస్త పసుపు ఛాయ ఉన్న తెలుపు చాలు. 6500లో గులాబీ రాయి పాలిపోతుంది. తొలకరికి ఉసిళ్లు కూడా తెల్ల లైటుకే ఎక్కువ ముసురుతాయి.

ఇంకొకరి జవాబు:
నేను ఎలక్ట్రికల్ మనిషిని. నేలలో పాతే ఫిట్టింగులకి ఐపీ65 (దుమ్ము, నీరు లోపలికి పోకుండా ఎంత ఆపుతుందో చెప్పే రేటింగ్) సరిపోదు, ఐపీ67 రాయించండి. గుంత అడుగున కంకర పోసి నీరు ఇంకే దారి ఉంచాలి. చాలా లైట్లు పోయేది గాజు పగిలి కాదు, కేబుల్ జాయింట్ గుండా చెమ్మ లోపలికి పాకి. గ్లాండ్ (కేబుల్ ఫిట్టింగులోకి దూరే చోట బిగించే సీలు) బిగించేటప్పుడు దగ్గరుండి చూసుకోండి. ప్యానెల్‌లో సర్జ్ ప్రొటెక్షన్ (ఒక్కసారిగా పెరిగే వోల్టేజీ నుంచి రక్షణ) తప్పనిసరి. బ్రాకెట్లు బిగించాల్సి వస్తే రాళ్ల మధ్య సున్నం అతుకులోనే డ్రిల్ చేయించండి, రాయిని ముట్టుకోనివ్వకండి.

అడిగినవారు:
చాలా థాంక్స్ అండీ. ఆగస్టు 15కి మూడు రంగులు కూడా కావాలంటున్నారు.

మొదటి జవాబిచ్చినవారు:
అయితే ఆర్‌జీబీడబ్ల్యూ (ఎరుపు, ఆకుపచ్చ, నీలంతో పాటు తెలుపు కూడా ఉండే ఎల్ఈడీ) తీసుకోండి. అందులో తెలుపు చిప్ విడిగా, 3000 కెల్విన్‌దే ఉండాలి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం కలిపి చేసే తెలుపు రాయి మీద బాగుండదు. ఆర్డర్ పెట్టేముందు నాలుగైదు శాంపిల్ ఫిట్టింగులు తెప్పించి, చీకటి పడ్డాక గోడ దగ్గర పెట్టి చూడండి. ఆ పూట నిర్ణయం తీసుకునేవాళ్లు అక్కడే ఉంటే ఫైలు మీద రాతకోతలు తగ్గుతాయి.