పెరట్లో నాగుపాము: పట్టించాలా, దణ్ణం పెట్టి వదిలేయాలా?

పెరటి మందారం:
మాది కంకిపాడు దగ్గర పల్లె. పోయిన నెల కొబ్బరి మట్టలు పేర్చిన చోట కుబుసం దొరికింది, మూర పైనే ఉంది. నిన్న పొద్దున గిన్నెలు తోముకునే చోట ఏకంగా పామే. అలికిడికి పడగ ఎత్తింది, వెనక కళ్ళజోడు గుర్తు స్పష్టంగా కనిపించింది. మా అత్తయ్య చేతులు జోడించి "స్వామీ, పిల్లాడు తిరిగే చోటు, వెళ్ళిపో నాయనా" అన్నారు. అది నిజంగానే రాళ్ళ సందులోకి వెళ్ళిపోయింది. ఇక ఆవిడ ఒకటే మాట: నాగుల చవితి వెళ్ళి వారం కాలేదు, సుబ్రహ్మణ్యేశ్వరుడే వచ్చాడు, పట్టిస్తే అరిష్టం. ఇంట్లో రెండేళ్ళ బాబు ఉన్నాడు. రాత్రంతా టెన్షన్. పాములు పట్టేవాళ్ళని పిలవనా, వద్దా?

చవితి చిమ్మిలి:
పిలవకండి. మా అమ్మకి పెళ్ళయిన ఏడేళ్ళకి, మోపిదేవిలో మొక్కుకున్నాక నేను పుట్టాను. అక్కడ స్వామి పాము చుట్టల మీద లింగంగా ఉంటాడు. మీ వీధిలో ఎంతమంది నాగమణులు, సుబ్బారావులు ఉన్నారో లెక్కపెట్టండి, వాళ్ళలో సగం పేర్లు పుట్ట దగ్గర మొక్కినవే. పడగ మీద మీరు చూసింది కళ్ళజోడు కాదు. కాళీయుడి తల మీద తొక్కిన కృష్ణుడి పాదాలని మా నాయనమ్మ చెప్పేది.

సైన్సు మాస్టారు:
పాదాలో, కళ్ళజోడో, కోరలో విషం మాత్రం అదే కదండీ. ఆ పాము మీ ఇంటికి ఎలుకల కోసం వచ్చింది. పుట్ట కట్టేది చెదలు, పాము అందులో అద్దెకుంటుంది. పాలు దాని ఆహారమే కాదు. పోసిన పాలు చీమల పాలే.
2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాము కాటుతో సుమారు 12 లక్షల మంది పోయారని అంచనా, అంటే ఏడాదికి సగటున 58 వేలు. ఎక్కువమంది పల్లెల్లోనే. 2030 కల్లా ఈ చావుల్ని సగానికి తగ్గించాలని 2024లో కేంద్రం ప్రణాళిక కూడా ప్రకటించింది. పిల్లాడున్న ఇంట్లో ఇంకా ఆలోచనేంటి?

ఓరుగల్లు:
ముందు అది నాగుపామేనా? మా ఇంట్లో జెర్రిపోతుకి మూడు రోజులు పాలు పోశారు. మా వైపు శ్రావణంలో పంచమికి పోస్తారు లెండి, ఆ సంగతి వేరు.

పెరటి మందారం:
పడగ ఎత్తిందని రాశానండీ. జెర్రిపోతుకి పడగ ఎక్కడిది?

చవితి చిమ్మిలి:
మాస్టారూ, లెక్కలు సరే. ఆ భక్తి వల్లే కదా మా ఊళ్ళో ఇవాళ్టికీ నాగుపాముని కర్రతో కొట్టరు. సర్పయాగాన్ని ఆపిన ఆస్తీకుణ్ణి తలుచుకునే జాతి మనది.

సైన్సు మాస్టారు:
చంపమని నేనూ అనలేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం చంపితే నేరం. కాటు పడ్డాక పసరు మందంటూ తిరుగుతారే, నా కోపం దాని మీద. మా పక్కింటాయన అలాగే గంటన్నర పోగొట్టుకున్నాడు. కాలు కదపనివ్వకుండా 108కి ఫోన్ చెయ్యాలి, అంతే.

గోదారి పెద్దమ్మ:
మీ ఇద్దరి గొడవేమిటో నాకు అర్థం కాలేదు. చవితినాడు పుట్ట దగ్గర ఏమని మొక్కుతామో మర్చిపోయారా? పడగ తొక్కితే పగవాడనుకోకు, నడుము తొక్కితే నావాడనుకో, తోక తొక్కితే తొలగిపో అంటాం. రమ్మని ఎవరూ పిలవరు నాయనా. పుట్ట ఊరి చివర ఉంటుంది, పాలు మనమే పట్టుకెళ్తాం. ఆ పుట్ట బంగారం చెవులకి రాసుకుని ఇంటికొచ్చేస్తాం. మందారం, మీ అత్తగారు కూడా "వెళ్ళిపో నాయనా" అనే కదమ్మా అన్నది? పాములాయన వచ్చినా చేసేది ఆ పనే.

చవితి చిమ్మిలి:
పెద్దమ్మగారూ, మీ మాట కాదనను. రాళ్ళు తవ్వించి పాముని గాయపరచకపోతే చాలు. ఎక్కడో దూరం అడవిలో వదిలేస్తారట, అది కూడా అన్యాయమే.

సైన్సు మాస్టారు:
ఇందులో మీతో ఏకీభవిస్తాను. తెలియని చోట వదిలితే పాము బతకడం కష్టం. దగ్గర్లోనే, ఇళ్ళు లేని చోట వదలమని చెప్పండి.

పెరటి మందారం:
ఈ పొద్దున పాములాయన వచ్చాడు. రాళ్ళకి పసుపు కుంకుమ పెట్టేదాకా అత్తయ్య అతన్ని అటు పోనివ్వలేదు. బూట్లు విప్పమన్నారు. "విప్పనమ్మా, నాకూ పిల్లలున్నారు" అని బూట్లతోనే దణ్ణం పెట్టాడు. గంట వెతికినా పాము దొరకలేదు. మట్టల కింద మాత్రం రెండు ఎలుక కలుగులున్నాయి. మా ఆయన వాటిని పూడ్చేసి మట్టలన్నీ బండికెత్తించారు. అత్తయ్య ఇంకా ఆ రాళ్ళ దగ్గరే ఉన్నారు, గ్లాసుడు పాలతో. బాబుని మాత్రం గడప దాటనివ్వట్లేదు.