కల్లు మానేసిన మూడో రోజే ఫిట్స్ వచ్చాయి, ఎక్కడికి తీసుకెళ్లాలి?

మాది నాందేడ్ జిల్లా ధర్మాబాద్. మా చిన్నాన్న ఏళ్ల తరబడి రోజూ కల్లు తాగుతాడు. పేరుకే కల్లు, చెట్టు మొహం చూడని తెల్ల నీళ్లు. పోయిన సోమవారం ఒట్టు పెట్టుకుని ఒక్కసారిగా మానేశాడు. మర్నాటికే చేతులు వణికి చాయ్ లుంగీ మీద ఒలికింది. మూడో రాత్రి ఫిట్స్. గోడ మీద చీమలు పాకుతున్నాయని ఒకటే గొడవ.

కల్లులో అల్ప్రాజోలం అనే మత్తు బిళ్లల మందు కలిపి ఉంటారు, అలవాటైన ఒంటికి హఠాత్తుగా ఆపితే ఇలాగే అవుతుంది, ఆసుపత్రిలో ఉంచి మెల్లగా తగ్గించాలి అన్నారు ఇక్కడి డాక్టరు. చిన్నమ్మేమో ఒక సీసా పోస్తే సర్దుకుంటాడంటోంది. అందులో అల్ప్రాజోలమో, క్లోరల్ హైడ్రేట్ అనే ఇంకో మత్తుమందో, ఎంత కలిపారో అమ్మేవాడికే తెలియదు కదా! నాకు ఒకటే టెన్షన్.

నిజామాబాద్ తీసుకెళ్లాలా, నాందేడ్‌కా? మహారాష్ట్ర ఆధార్‌తో అటు చేర్చుకుంటారా? మత్తు అలవాటు మాన్పించే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారా? ఇంట్లో ఇలా జరిగినవాళ్లుంటే చెప్పండి.