ఓవెన్ వేడెక్కాకే ఎఫ్3 కోడ్ వస్తోంది, సెన్సరా, కంట్రోల్ బోర్డా?

డాలస్‌లో ఇల్లు కొన్నప్పుడు దాంతోపాటే వచ్చిన ఎలక్ట్రిక్ రేంజ్ ఇది. పైన పొయ్యిలకేం ఢోకా లేదు, పప్పూ పులుసూ ఆగలేదు, గొడవంతా కింద ఓవెన్‌తోనే. 350 డిగ్రీల ఫారెన్‌హీట్ పెడితే కాసేపు బుద్ధిగానే వేడెక్కి, 300 దాటాక బీప్ బీప్‌మంటూ ఎఫ్3 చూపించి ఆగిపోతోంది, చల్లారితే మళ్లీ మామూలే. దీని మాన్యువల్‌లో ఎఫ్3 అంటే టెంపరేచర్ సెన్సర్ సర్క్యూట్ ఓపెన్, అంటే ఆ దారి ఎక్కడో తెగిందని ఉంది.

బ్రేకర్ ఆపేసి, ఓవెన్ లోపల వెనక గోడకున్న రెండు స్క్రూలు తీసి, సెన్సర్ ప్లగ్ ముందుకు లాగి మల్టీమీటర్ పెట్టాను. 1085 ఓమ్‌లు చూపించింది, చల్లగా ఉన్నప్పుడు దాదాపు అంతే ఉండాలి కదా. బాడీకి షార్ట్ కూడా లేదు. కానీ ప్లగ్‌లో ఒక పిన్ చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగుకి తిరిగింది, అక్కడి వైరు తొడుగు గోరు తగిలితే పొడిపొడిగా రాలుతోంది.

నా అనుమానం ఆ ప్లగ్ మీదే, వేడికి వదులై కాంటాక్ట్ పోతోందేమో. టెక్నీషియన్ మాత్రం వచ్చి చూడకుండానే ఫోన్‌లో బోర్డు మార్చాలి అనేశాడు! ఆ రేటు వింటే ఇంకొంచెం వేసుకుని కొత్తదే కొనొచ్చనిపించింది.

మీలో ఎవరికైనా ఇలా వేడి మీద మాత్రమే కోడ్ వచ్చిందా? బోర్డు దగ్గరున్న ప్లగ్‌లో కొలిస్తే సెన్సర్, మధ్యలో వైరు రెండూ కలిపి తేలిపోతాయా? ప్లగ్ కోసేసి కలపాలంటే మామూలు వైర్ నట్లు (వైర్ల కొసలు కలిపి బిగించే టోపీలు) ఆ వేడికి కరుగుతాయి కాబట్టి పింగాణీవే వాడాలా?