లిసియన్ ముక్కు పలుకులు తెలుగులో ఎలా రాయాలి?

పోయిన నెల తుర్కియేలోని ఫెతియే దగ్గర కొండరాతిలో తొలిచిన సమాధులు చూశాను. వాటిలో కొన్నింటి మీద లిసియన్ భాషలో శాసనాలున్నాయి. ఎప్పుడో అంతరించిన భాష, క్రీ.పూ. 5-4 శతాబ్దాల నాటి రాతలు. చూడ్డానికి గ్రీకులాగే ఉంటుంది, నమ్మితే మోసపోతాం: ఇంగ్లీషు E ఆకారం ఇక్కడ 'ఇ'!

ఇంటికొచ్చాక కూడబలుక్కుని చదువుతున్నాను. సమాధుల మీద మాటిమాటికీ వచ్చే వరుస ఒకటుంది: 'హ్ర్ప్పి లది ఎహ్బి సె తిదెయిమె'. అంటే 'తన భార్య కోసం, పిల్లల కోసం'. 'లది' అంటే భార్యకి, 'సె' అంటే మరియు. ఇంతవరకు బాగానే ఉంది.

చిక్కల్లా 'కట్టాడు' అనే క్రియతో. చివర ముక్కుతో పలికే 'ఎ' ఉంది, దానికి లిసియన్‌లో విడిగా అక్షరమే ఉంది. నేను అరసున్న పెట్టి 'ప్ర్‌న్నవతెఁ' అని రాసుకున్నాను. సరేనా? మొదట్లో అచ్చు లేకుండా వచ్చే నకారాన్ని ఎలా పలకాలి? నోరు తిరగడం లేదు.

లెతోన్ అనే పాత ఆలయ స్థలంలో 1973లో దొరికిన మూడు భాషల శాసనాన్ని (లిసియన్, గ్రీకు, అరమాయిక్) మాటకు మాట పోల్చి చదివినవాళ్లెవరైనా ఉంటే, ఎక్కడ మొదలుపెట్టాలో కూడా చెప్పండి. నాకు గ్రీకు అక్షరాలు వచ్చు, భాష రాదు.