అప్‌డేట్: హాట్ 103 ఫ్రీస్టైల్ మిక్స్ క్యాసెట్లో మూసుకుపోయిన శబ్దం, కారణం దొరికింది

న్యూయార్క్ రేడియో స్టేషన్ హాట్ 103లో వచ్చిన ఫ్రీస్టైల్ (1980ల డాన్స్ సంగీతం) మిక్స్ క్యాసెట్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కిస్తుంటే హై-హాట్ (డ్రమ్స్‌లో తాళాల సన్నని శబ్దం) దాదాపు వినపడట్లేదని అడిగాను కదా, అది తేలింది. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

పనిచేసింది అజిముత్ సర్దుబాటు, అంటే టేపును చదివే హెడ్ కోణాన్ని సరిచేయడం. డెక్ బాగుచేసే ఆయన కూడా హెడ్ ఒరిగిందనే చెప్పారు. టేపు నడుస్తుండగా ఆంప్‌ను మోనోలో పెట్టి, హెడ్ పక్కన స్ప్రింగ్ ఉన్న స్క్రూను అయస్కాంతం లేని స్క్రూడ్రైవర్‌తో కొద్దికొద్దిగా అటూ ఇటూ తిప్పాలి. స్టీరియోలో తేడా సరిగ్గా పట్టుబడదు. హెడ్ కోణం తప్పితే, మోనోలో రెండు చానెళ్లు కలిసినప్పుడే పై ఫ్రీక్వెన్సీలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. 808 డ్రమ్ మెషీన్ హై-హాట్ 'ట్స్ ట్స్' అని విడివిడిగా పలికిన చోట ఆపేసి, స్టీరియోలోనే రికార్డు చేసుకోండి. పని అయ్యాక, సరిగ్గా రికార్డయిన వేరే టేపుతో హెడ్‌ను మళ్లీ సరిచేయాలి, లేకపోతే మిగతా క్యాసెట్లన్నీ మొద్దుగా మోగుతాయి.

డెక్‌ను తిప్పే బెల్టుకీ దీనికీ సంబంధం లేదు, వేగం సరిగ్గానే ఉంది. డాల్బీ (టేపు బుస తగ్గించే ఏర్పాటు) ముందునుంచీ ఆఫ్‌లోనే ఉంది. 15 కిలోహెర్ట్జ్ పైన ఈక్వలైజర్ పెంచడం దండగ: ఎఫ్‌ఎమ్ ప్రసారంలో అంతకు మించి సంగీతం ఉండదు, పెరిగేది బుస శబ్దమే.

తేదీ అడిగినవాళ్లకు: స్టేషన్ 1988 సెప్టెంబరులో 97.1కి మారి హాట్ 97 అయింది. టేపులో 'హాట్ 103' అని వినిపిస్తే అంతకు ముందుదే.